120 మంది కూలీలు, మూడు మైళ్ళ కంచె: మనం నడిచే బాట వెనక కథ

పోయిన ఎపిసోడ్‌లో లండన్ దగ్గర రైలు దిగి తేలిగ్గా నడవగలిగే చోట్ల గురించి మాట్లాడుకున్నాం. అది విన్నాక వచ్చిన మెసేజుల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న. "అన్నా, ఆ పొలాల్లోంచి, అడవిలోంచి మనం నడిస్తే ఎవరూ ఏమీ అనరా?" కేర్ హోమ్‌లో పనిచేసే ఒకామె ఇంకో అడుగు ముందుకేసి, "దీనివల్ల వీసాకి ఏమన్నా ఇబ్బంది అవుతుందా?" అని అడిగారు.

ఇది నవ్వాల్సిన ప్రశ్న కాదు. స్పాన్సర్ కాగితం మీద బతుకు నడుస్తున్నప్పుడు, వారానికి దొరికే ఒక్క సెలవు రోజున కూడా ఎవరి కంటా పడకుండా గదిలోనే ఉండిపోదాం అనిపిస్తుంది. గేటు కనిపిస్తే వెనక్కి తిరుగుతాం. "ప్రైవేట్" అని బోర్డు ఉంటే ఇక చెప్పక్కర్లేదు. జవాబు చిన్నదే. నడవొచ్చు, వీసాకి ఏమీ కాదు. ఆ బాట మీద మీకు హక్కు ఉంది, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఎపిసోడ్‌లో రెండు నిమిషాల్లో ఇంతే చెప్పగలిగాను. కానీ ఈ హక్కు ఎక్కణ్ణించి వచ్చిందన్నది రెండు నిమిషాల కథ కాదు. అది మనలాగే రోజుకూలికి పనిచేసేవాళ్ళ చేతుల మీదుగా వచ్చింది. అందుకే విడిగా రాస్తున్నాను.

ముందు ఆ నేల సంగతి. లండన్ యూస్టన్‌లో రైలెక్కితే సుమారు 40 నిమిషాల్లో ట్రింగ్ అనే స్టేషన్ వస్తుంది. అక్కడ మొదలయ్యేవి చిల్టర్న్ కొండలు. మన నల్లమలలా రాతికొండలు కావివి, సుద్దకొండలు. అవునండీ, బళ్ళో బోర్డు మీద రాసే సుద్దే. డైనోసార్ల కాలంలో ఇక్కడంతా సముద్రం. కంటికి కనబడనంత చిన్న నాచుజీవుల పైపెంకులు కోట్ల ఏళ్ళపాటు అడుగుకి చేరి గట్టిపడితే ఈ సుద్ద తయారైంది. వర్షం పడితే నీళ్ళు పైన నిలవవు, లోపలికి ఇంకిపోతాయి. పైన మట్టి పలచన. అలాంటి చోట గొర్రెలు తరతరాలుగా మేసి మేసి గడ్డిని పొట్టిగా ఉంచాయి. పొట్టిగా ఉంది కాబట్టే చిన్నచిన్న పూలమొక్కలు బతికాయి. మంచి సుద్దనేల మీద ఒక్క చదరపు మీటరులో 40 రకాల మొక్కల దాకా ఉంటాయి. మేత ఆగిపోతే కొన్నేళ్ళకే ముళ్ళపొదలు కమ్మేస్తాయి. అంటే మనం ప్రకృతి అనుకుని ఫొటోలు తీసుకునే ఆ పచ్చిక సగం గొర్రెల కాపరి చేసిన పని.

ఇలాంటి కొండల్ని ఇంగ్లీషులో డౌన్స్ అంటారు. డౌన్ అంటే కిందకి కదా, మరి పైకెక్కిస్తారేమిటి అని ఒకాయన జోకేశారు. పాత ఇంగ్లీషులో 'డూన్' అంటే కొండ, ఈ పేరు దాన్నించే వచ్చింది. కొండల పైభాగంలో సుద్ద మీద బంకమట్టి ఉన్నచోట అడవి పెరిగింది. ఎక్కువ బీచ్ చెట్లు. నునుపైన బూడిదరంగు మొదళ్ళు, వేసవిలో కింద చల్లటి నీడ. ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో ఆ నీడలో నేలంతా బ్లూబెల్ పూలతో నీలంగా మారిపోతుంది. అడవీ, పచ్చిక కొండా ఒకే నడకలో దొరకడం ఇక్కడి విశేషం.

ఇక హక్కు దగ్గరికి వద్దాం. మా గోదావరి వైపు పొలాల మధ్య అందరూ నడిచే దారిని పుంత అంటాం. గుంటూరు, కృష్ణా వైపు డొంక అంటారు. తెలంగాణలో బండ్లబాట అంటారు, ఊరి రెవెన్యూ మ్యాపులో గీసి ఉన్నదైతే నక్షబాట. పక్క రైతు ఏటా ఒక్క చాలు చొప్పున పుంతలోకి జరుపుకుంటూ వస్తాడు. పదేళ్ళకి బండి పట్టదు. అడిగితే గొడవ, అడగకపోతే దారి పోతుంది. మన ఊళ్ళల్లో ఇది చూడనివాళ్ళు ఉండరు. పశువులు మేపుకునే ఊరుమ్మడి బీడు సంగతి కూడా అంతే.

ఇంగ్లండ్‌లో ఇదే కథ, కానీ చాళ్ళ లెక్కన జరగలేదు, ఏకంగా పార్లమెంటు చట్టాలతో జరిగింది. ఇక్కడా ఊరుమ్మడి భూములు ఉండేవి, కామన్ అనేవాళ్ళు. భూమి పేరు జమీందారుదే. కానీ ఊరివాళ్ళకి అందులో ఆవునీ గొర్రెనీ మేపుకోవడానికీ, పొయ్యిలోకి ముళ్ళకంప కొట్టుకోవడానికీ, పశువుల కింద పరుపుగా వేసే బ్రాకెన్ ఆకు కోసుకోవడానికీ హక్కులు ఉండేవి. 1604 నుంచి 1914 వరకు 5,200కి పైగా చట్టాలు చేసి 68 లక్షల ఎకరాలకి కంచెలు వేసుకున్నారు. ఇంగ్లండ్ మొత్తం నేలలో ఐదో వంతు పైమాటే. దీన్నే ఎన్‌క్లోజర్ అంటారు. ఆవు పోయాక, కంప పోయాక బీదవాడికి మిగిలింది కూలిపనే. వాళ్ళలో ఎంతోమంది ఊళ్ళు వదిలి ఫ్యాక్టరీల వైపు నడిచారు. మన వలసల కంటే ముందు వీళ్ళ వలసలు జరిగాయి, సొంత దేశంలోనే.

ట్రింగ్ స్టేషన్లో దిగి తూర్పుగా ఒక మైలు నడిస్తే ఆల్డ్‌బరీ అనే ఊరు. మధ్యలో కుంట, కుంట పక్కన తప్పు చేసినవాళ్ళని కాళ్ళు బిగించి కూర్చోబెట్టే పాత కొయ్య బొండ ఇప్పటికీ ఉంది. దాన్ని ఆనుకునే కొరడా దెబ్బలు కొట్టే స్తంభం. ఫొటో దిగేవాళ్ళు దిగుతారు. నాకు మాత్రం అది చూస్తే, చిన్న దొంగతనానికి అందులో కూర్చున్నది ఎవరై ఉంటారా అనిపిస్తుంది.

ఊరి వెనక అడవిలోకి ఎక్కితే కొండమీద 108 అడుగుల రాతి స్తంభం కనబడుతుంది. 1832లో కట్టారు. బ్రిడ్జ్‌వాటర్ మూడో డ్యూక్ జ్ఞాపకార్థం. ఈ డ్యూక్ బొగ్గు గనుల యజమాని. వర్స్‌లీ గనుల నుంచి మాంచెస్టర్‌కి బొగ్గు తేవడానికి కాలువ తవ్వించాడు, 1761లో అది మొదలైంది. మాంచెస్టర్‌లో బొగ్గు ధర సగానికి పడిపోయింది. అక్కణ్ణించి దేశమంతా కాలువల పిచ్చి పట్టుకుంది. ఆ కాలువల్ని పారలతో తవ్వినవాళ్ళని మొదట్లో 'నావిగేటర్' అన్నారు, పలికి పలికి అది 'న్యావీ' అయింది. మన వడ్డెరలు చెరువులూ కాలువలూ తవ్వినట్టే, ఊరూరూ తిరుగుతూ మట్టిపని చేసుకునే ముఠాలు. కాలువల పని అయిపోయాక అదే పేరు రైలుకట్టలు వేసేవాళ్ళకి వచ్చింది. ట్రింగ్ దగ్గర రైలు ఒక లోతైన కోత గుండా పోతుంది చూడండి, రెండున్నర మైళ్ళ పొడవు. 1830ల్లో సుద్దనేలని న్యావీలు చేతులతో తవ్విన కోత అది. పైన కాలువ డ్యూక్‌కి స్తంభం ఉంది. కింద తవ్వినవాళ్ళకి ఆ కోతే స్తంభం.

డ్యూక్‌కి పెళ్ళీ పిల్లలూ లేరు. యాష్‌రిడ్జ్ అనే ఆ ఎస్టేటు బంధువుల చేతులు మారి చివరికి బ్రౌన్‌లో వంశానికి వచ్చింది. 1860ల్లో దానికి యజమాని రెండో ఎర్ల్ బ్రౌన్‌లో. పాతికేళ్ళు నిండని కుర్రాడు, ఆరోగ్యం అంతంత మాత్రం. వ్యవహారాలన్నీ తల్లి లేడీ మేరియన్ ఆల్ఫర్డ్ చూసేదని చెప్తారు. ఎస్టేటు పక్కనే బెర్ఖమ్‌స్టెడ్ కామన్, వెయ్యి ఎకరాల పైచిలుకు ముళ్ళపొదలూ పచ్చికా చెట్లూ ఉన్న ఊరుమ్మడి భూమి. కొంత స్థలం ఊరికి ఆటస్థలంగా ఇస్తాం, మిగతాదాని మీద హక్కులు వదులుకోండి అని బేరం నడిచింది. 1866 ఫిబ్రవరిలో ఎస్టేటు మనుషులు వచ్చి కామన్‌కి నడిమధ్యగా కంచె వేసేశారు. అయిదడుగుల ఎత్తు ఇనప కంచె, అంతా కలిపి సుమారు మూడు మైళ్ళు. లోపల పడిపోయింది 400 ఎకరాలకి పైనే. గేటు లేదు.

ఊళ్ళో కడుపుమంట ఉంది. కానీ ఎవరు మాట్లాడతారు? ఇల్లు ఎస్టేటుది, పని ఎస్టేటుది, కొట్టువాడికి పెద్ద ఖాతా ఎస్టేటుదే. గొంతెత్తితే రేపు ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. స్పాన్సర్ మీద ఆధారపడ్డవాళ్ళకి ఆ నిశ్శబ్దం నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

మాట్లాడగలిగినవాడు ఒకడున్నాడు, ఆగస్టస్ స్మిత్. ఊరి అంచున ఆష్లిన్స్ హాల్ అనే సొంత భవంతి, అంతకుముందు పార్లమెంటు సభ్యుడు, కామన్ మీద అతనికీ హక్కు ఉంది. పైగా ఎవరికీ భయపడాల్సిన పనిలేని డబ్బు. సరిగ్గా ముందు ఏడాదే, 1865లో, లండన్‌లో కామన్స్ ప్రిజర్వేషన్ సొసైటీ అని ఒక సంఘం పుట్టింది. దాన్ని పెట్టిన జార్జ్ షా లెఫీవర్, వాళ్ళ లాయరు ఫిలిప్ లారెన్స్, స్మిత్ కలిసి ఆలోచించారు. కోర్టుకెళ్ళి కంచె తీయించండి అని బతిమాలుకుంటే ఏళ్ళు పడుతుంది, ఈలోగా కంచే నిజమైపోతుంది. కానీ పాత చట్టంలో ఒక మాట ఉంది. హక్కుదారు తన హక్కుకి అడ్డం వచ్చినదాన్ని తనే తొలగించుకోవచ్చు. అలా తొలగిస్తే ఇక కోర్టుకి పరిగెత్తాల్సింది, కంచె వేసే హక్కు నాకుందని రుజువు చేసుకోవాల్సింది జమీందారు. అయితే ఒక గజం పీకితే చాలదు. మొత్తం తీసెయ్యాలి, ఒక్క రాత్రిలో.

మనుషులు కావాలి. ఊళ్ళో దొరకరు, దొరికినా కబురు ముందే ఎస్టేటుకి చేరిపోతుంది. అందుకని లండన్‌లో ఒక కాంట్రాక్టరుకి అప్పగించారు. సుమారు 120 మంది న్యావీలు, రైల్వేవాళ్ళతో ప్రత్యేక రైలు. 1866 మార్చి 6 రాత్రి, యూస్టన్ స్టేషన్. అర్ధరాత్రి దాటుతుండగా కూలీలు వచ్చారు, రైలు సిద్ధంగా ఉంది, కాంట్రాక్టరు లేడు. అసలు సంగతేమిటంటే ఆయన పనిని ఇంకో కాంట్రాక్టరుకి సబ్ కాంట్రాక్టు ఇచ్చాడు. ఇద్దరూ కలిసి స్టేషన్ దగ్గర పబ్‌లో కూర్చుని నిలబడలేనంతగా తాగేశారు. (ఏజెంటు కింద సబ్ ఏజెంటు, వాడి కింద ఇంకొకడు. ఈ మేనేజ్‌మెంటు మనం కొత్తగా చూస్తున్నదేం కాదన్నమాట.) చివరికి లారెన్స్ ఆఫీసులో గుమస్తా ఒకడు నడుం కట్టి ముఠా మేస్త్రి అవతారం ఎత్తాడు.

రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో రైలు ట్రింగ్‌లో ఆగింది. మీరు దిగేది కూడా అదే స్టేషన్. అక్కణ్ణించి చీకట్లో మూడు మైళ్ళు నడిచి కామన్ చేరారు. పన్నెండేసి మంది ముఠాలుగా విడిపోయారు. కంచె ఆషామాషీగా వేసింది కాదు. అయినా సుత్తులూ ఉలులూ గునపాలూ పట్టుకుని ఒక్కొక్క కీలూ విడగొట్టారు. పీకిపారెయ్యడం కాదు. కమ్మీల్ని విరగ్గొట్టకుండా తీసి కుప్పలుగా పేర్చారు, రేపు కోర్టులో ఆస్తి పాడుచేశారనే మాట రాకుండా. ఉదయం ఆరింటికల్లా మూడు మైళ్ళ కంచె నేలమీద ఉంది. ఎస్టేటు ఏజెంటు గుర్రమెక్కి వచ్చేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు.

తెల్లారాక ఊరు కదిలింది. మొదట అనుమానంగా కొందరు, తర్వాత బళ్ళ మీద, గుర్రాల మీద, నడిచీ జనం వచ్చారు. చాలామంది ఒక గోర్స్ కొమ్మ తుంచుకుని ఇంటికి పట్టుకెళ్ళారట, ఈ భూమి మాదీ అని గుర్తుగా. రాత్రంతా కష్టపడ్డ కూలీలు మాత్రం ఇంకో రైల్లో లండన్ వెళ్ళిపోయారు. ఆ 120 మందిలో ఒక్కరి పేరైనా నేను చదివిన ఏ కథనంలోనూ లేదు. ఎర్ల్ పేరుంది, ఆయన తల్లి పేరుంది, లాయరు పేరుంది, స్మిత్ పేరుంది. కూలీలు అంకె దగ్గరే ఆగిపోయారు.

స్మిత్ గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఈయన ఇంగ్లండ్ నైరుతి చివర సిల్లీ దీవుల్ని 1834 నుంచి లీజుకి తీసుకుని రాజులా ఏలాడు. పిల్లలందరినీ బడికి పంపాల్సిందేనని నియమం పెట్టాడు, అది మంచిదే. కానీ అదే మనిషి 1855లో శాంసన్ అనే చిన్న దీవిలో మిగిలిన కుటుంబాల్ని ఖాళీ చేయించాడు. ఎందుకయ్యా అంటే జింకల పార్కు కోసం. బెర్ఖమ్‌స్టెడ్‌లో ప్రజల హక్కుల వీరుడు, శాంసన్‌లో బ్రౌన్‌లోకి తీసిపోని దొర. స్థానికంగా ఆయన్ని నెత్తిన పెట్టుకుంటారు కానీ నాకంత మనసొప్పదు. ఆ రాత్రి చేసిన పనికి మాత్రం దండం పెట్టొచ్చు.

తర్వాత కోర్టు. ఎర్ల్ దావా వేశాడు, స్మిత్ ఎదురుదావా వేశాడు. 1867లో ఎర్ల్ చనిపోయాడు, తమ్ముడు మూడో ఎర్ల్ అయ్యాడు. స్మిత్ తన దావా వదల్లేదు. వందల ఏళ్ళ నాటి కాగితాలు తవ్వి తీశారు. 1870లో జడ్జి లార్డ్ రొమిలీ తీర్పిచ్చాడు, స్మిత్ వైపు. కామన్ మీద ఊరి హక్కులు చెల్లుతాయి, కంచె చెల్లదు. ఆ రోజుల్లో సొసైటీకి లాయరుగా ఉన్న రాబర్ట్ హంటరే తర్వాత 1895లో మరో ఇద్దరితో కలిసి నేషనల్ ట్రస్ట్ స్థాపించాడు. 1926లో యాష్‌రిడ్జ్ ఎస్టేటు అమ్మకానికి వచ్చినప్పుడు చందాలు పోగై అడవీ కామన్ చాలామటుకు ఆ ట్రస్ట్‌కే చేరాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 1866లో కాపాడింది మనలాంటివాళ్ళు సరదాగా నడిచే హక్కుని కాదు. ఊరివాడి ఆవు మేసే హక్కుని. గాలి పీల్చుకోవడానికి నడుస్తాను అంటే ఆనాటి కోర్టు పట్టించుకునేది కాదు. ఆవు హక్కుని అడ్డంపెట్టి భూమిని తెరిచి ఉంచారు, మనిషి నడక హక్కు దాని వెనక మెల్లగా వచ్చింది. ఎంత మెల్లగానో చూడండి. 1932లో వచ్చిన ఒక చట్టం, జనం 20 ఏళ్ళు అడ్డూ ఆపూ లేకుండా నడిచిన దారిని ప్రజలదిగా ఎంచాలంది. అదే ఏడాది ఏప్రిల్ 24న ఉత్తరాన కిండర్ స్కౌట్ కొండమీదికి మాంచెస్టర్, షెఫీల్డ్ కుర్రాళ్ళు, ఎక్కువగా కార్మికులు, వందలమంది కావాలనే చొరబడ్డారు. అయిదుగురికి జైలు పడింది. వాళ్ళలో ముఖ్యుడు బెన్నీ రాత్‌మన్ అప్పటికి 20 ఏళ్ళవాడు, రొమేనియా నుంచి వలస వచ్చిన యూదు దంపతుల కొడుకు. 1949 చట్టం ప్రతి కౌంటీ తన పరిధిలోని కాలిబాటలన్నీ లెక్కతీసి మ్యాపులో ఎక్కించాలని చెప్పింది. ఇంగ్లీషులో డెఫినిటివ్ మ్యాప్, మన భాషలో నక్షబాటే. ఇంగ్లండ్, వేల్స్ కలిపి అలాంటి బాటలు సుమారు లక్షా 40 వేల మైళ్ళు ఉన్నాయి. చివరికి 2000లో వచ్చిన చట్టం కొండలూ, బీళ్ళూ, సుద్ద డౌన్స్, రిజిస్టరైన కామన్లు, మ్యాపులో గుర్తించిన చోటల్లా బాట వదిలి కూడా కాలినడకన తిరగొచ్చంది. ఇంగ్లండ్ అంతటా అది అమలయ్యేసరికి 2005 వచ్చింది. కంచె పడిన రాత్రి నుంచి లెక్కేస్తే 139 ఏళ్ళు.

ఇంకా అయిపోలేదు కూడా. మ్యాపులోకి ఎక్కని పాత బాటలు చాలా ఉన్నాయి. వాటిని నమోదు చేసుకోవడానికి 2000 చట్టమే 2026 జనవరి 1 గడువు పెట్టింది, తర్వాత దాన్ని 2031కి జరిపారు, ఆ గడువే ఎత్తేస్తామని 2024 చివర్లో ప్రభుత్వం ప్రకటించింది. పాత మ్యాపులు ముందేసుకుని ఈ బాటల్ని వెతికి దరఖాస్తులు పెట్టే వాలంటీర్లు ఊరూరా ఉన్నారు. మన దగ్గర పుంత పోయిందని ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే పెద్దాయన ఒకాయన ఉంటాడే, అచ్చం ఆ బాపతు.

కాబట్టి గేటు దగ్గర ఆగిపోకండి. గుర్తులు తెలుసుకుంటే చాలు. గుంజ మీద పసుపు బాణం అంటే కాలిబాట. నీలం బాణం అంటే గుర్రాలూ సైకిళ్ళూ కూడా వచ్చే బాట, మీరూ నడవొచ్చు. బాట ప్రైవేటు పొలంలోంచి పోతున్నా మీ హక్కు మీదే, "ప్రైవేట్" అన్న బోర్డు ఆ పక్క భూమికి వర్తిస్తుంది. పంట ఉంటే గీత దాటకండి, మూసి ఉన్న గేటు తీస్తే మళ్ళీ మూయండి. ఆవులు దూడలతో ఉంటే దూరంగా చుట్టుతిరిగి వెళ్ళండి. పొరపాటున బాట తప్పినా మామూలుగా అది సివిల్ తగాదా, పోలీసు కేసు కాదు. మళ్ళీ బాటమీదికి వచ్చేస్తే సరిపోతుంది. రైలు పట్టాలు, మిలిటరీ స్థలాలు మాత్రం వేరే సంగతి, అటు వెళ్ళకండి. నేను చాలాసార్లు ట్రాక్టరు మీదున్న రైతులకి పొలం మధ్యలో ఎదురుపడ్డాను. తలూపి "మార్నింగ్" అంటారు, మనమూ అంటాం, అంతే.

నడక సంగతి. ట్రింగ్ స్టేషన్ నుంచి ఆల్డ్‌బరీ, అక్కణ్ణించి అడవిలో పైకి డ్యూక్ స్తంభం. కష్టమైన ఎక్కుడు ఈ ఒక్కటే, పావుగంట ఆయాసం. స్తంభం దగ్గర టీ, టాయిలెట్ ఉన్నాయి. పిల్లలతోనో, నైట్ షిఫ్టు చేసిన కాళ్ళతోనో వస్తే అక్కడే చదునుగా ఉన్న అడవి దారుల్లో తిరిగి వెనక్కి వెళ్ళిపోవచ్చు. మచ్చల జింకలు కనబడతాయి. ఓపిక ఉంటే అడవి అంచు పట్టుకుని ఉత్తరంగా మూడు మైళ్ళు వెళ్తే ఇవింగ్‌హో బీకన్. చెట్లు ఉన్నట్టుండి అయిపోతాయి, ఎదురుగా బోసి సుద్దకొండ. ఎత్తు 230 మీటర్ల చిల్లరే కానీ చుట్టూ మైళ్ళకొద్దీ కనబడుతుంది. కొండమీద రెండున్నర వేల ఏళ్ళకి పైబడిన కోట గట్లు గడ్డి కింద ఉబ్బెత్తుగా తెలుస్తాయి. ఎవెబరీ దగ్గర మొదలయ్యే 87 మైళ్ళ రిడ్జ్‌వే బాట వచ్చి ఆగేది ఇక్కడే.

తిరుగు దారి ఆ రిడ్జ్‌వే మీదుగానే, పిట్‌స్టోన్ కొండ దాటి స్టేషన్‌కి. ఎడమా కుడీ కాలిబాట అరిగిన చోట తెల్లటి సుద్ద బయటపడి ఉంటుంది, వానాకాలం బూట్లు జాగ్రత్త, జారుతుంది. పడమరగా కిందికి చూస్తే పాత సుద్ద క్వారీ గుంటలు కనబడతాయి. ఈ సుద్దతోనే అక్కడ 1991 దాకా సిమెంటు చేసేవాళ్ళు. పల్నాడు, తాండూరు వాళ్ళకి ఆ దృశ్యం పరిచయమే, రంగు ఒక్కటే తేడా. మొత్తం సుమారు ఎనిమిది మైళ్ళు, మధ్యలో కూర్చుని పులిహోర తినే టైముతో కలిపి అయిదు గంటలు వేసుకోండి. కంచె పడిన కామనే చూడాలంటే ట్రింగ్‌కి ముందు స్టేషన్ బెర్ఖమ్‌స్టెడ్‌లో దిగి, పాత కోట పక్కనుంచి పైకి ఎక్కాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో శిక్షణ కోసం సైనికులు తవ్విన కందకాల ఆనవాళ్ళు ఆ పొదల మధ్య ఇంకా ఉన్నాయి. ఇనప కమ్మీ మాత్రం ఒక్కటీ నాకు కనబళ్ళేదు.

మీ ఊళ్ళో ఇలాంటి దారిని ఏమంటారో రాసి పంపండి. పుంత, డొంక, బండ్లబాట, నక్షబాట నాకు తెలుసు. శ్రీకాకుళం, అనంతపురం, ఆదిలాబాద్ వైపు వాళ్ళు ఇంకేమైనా మాట చెప్తే వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను.